రూప్‌నారాయణ్ వ్యాగన్ లేటుగా నడుస్తోంది

కలకత్తా,
9 జనవరి 1969

ఖరగ్‌పూర్ డివిజన్ రిటైర్డ్ సెక్షన్ కంట్రోలరూ, ప్రస్తుతం తనకు తానే నియమించుకున్న షేర్ మార్కెట్ కంట్రోలరూ అయిన మా జగ్గారావు మావయ్య గారి దివ్య సముఖానికి, మేనల్లుడు తీతు, బి.కాం., నడుం పట్టేసేంత వంగి చేసుకునే మనవి.

తమరు పంపిన పార్శిల్ చేరింది. విప్పితే మంచం చాలక మెస్సులో నేల మీద పరిచాం. నా గదిలో ఉండే మేదినీపూర్ కుర్రాడు తొంగి చూసి, "దాదా, ఇది ఏ లైను టైంటేబులు?" అన్నాడు. ఇది బళ్ల గ్రాఫు కాదు నాయనా, రూప్‌నారాయణ్ వ్యాగన్ కంపెనీ షేరు ధర. మా మావయ్య ముప్ఫై ఏళ్లు రైళ్లు నడిపిన పద్ధతిలోనే దీన్నీ నడుపుతున్నాడు, అని చెప్పాను. వాడు కాగితానికి దండం పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

మావయ్యా, స్టేషన్ల పేర్లు ఉండాల్సిన చోట రూపాయలు రాశారు. ధర కదలని చోట "హాల్ట్" అన్నారు. పడిన చోట, బండి మెల్లగా నడపమనే "కాషన్ ఆర్డర్" అన్నారు. కింద ఎర్ర పెన్సిల్‌తో "వెంటనే కొనవలెను" అని హుకుం. షేరనేది పూరీ పాసింజరు కాదు మావయ్యా. దానికి పట్టాలు లేవు.

షేర్లు కొనేవాళ్లలో రెండు మతాలున్నాయి. కంపెనీ తయారుచేసేది రైలుపెట్టెలా రొట్టెలా అని కూడా అడక్కుండా ధర గీత చూసి కొనేవాళ్లు గీతవాదులు. కంపెనీ అప్పులూ, ఆర్డర్లూ, లాభాలూ చదివి, ధర వంక చూడ్డమే నామోషీ అనుకునేవాళ్లు పద్దువాదులు. నేను రెండో మతంలో పుట్టి పెరిగాను. నా యజమాని, దలాలు దత్తబాబు, ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకుంటాడు. ఆయనది మూడో మతం.

పద్దు ఏమంటోందంటే, రూప్‌నారాయణ్ వ్యాగన్‌కి నిండా అప్పులు. రైల్వే కొత్త వ్యాగన్లు అడగడం తగ్గించిందని మీ యార్డు ఊడ్చేవాడికి కూడా తెలుసు. పైగా మీరు చెయ్యమంటున్నది వాయిదా వ్యాపారం. కొంత సొమ్ము కట్టి ఎక్కువ షేర్లు కొంటాం. లెక్క తేల్చే రోజుకి ధర పెరిగితే తేడా మనకి వస్తుంది, తగ్గితే మన జేబులోంచి పోతుంది. ఇక్కడ ఆ రోజుని సెటిల్‌మెంట్ అంటారు. మీకు ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలు, ఓల్డ్ సెటిల్‌మెంటు, న్యూ సెటిల్‌మెంటు రెండే తెలుసు. ఇది మూడోది, దీంట్లో క్వార్టర్లు ఇవ్వరు.

క్వార్టరంటే గుర్తొచ్చింది. మీరు రిటైరయ్యారు, మార్చి ఆఖరుకి అది ఖాళీ చెయ్యాలి. ప్రావిడెంట్ ఫండు డబ్బుతో ఝపటాపూర్‌లో గార్డు జ్ఞానప్రకాశం గారి స్థలం కొంటానని హైమత్తకి మాటిచ్చారు. ఆయన ఉగాది దాకా ఆగుతానన్నాడు. ఆ డబ్బుని వ్యాగనెక్కించకండి.

తమ అన్నం తిని తమనే వెటకారమాడే
తీతు


ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్,
18 జనవరి 1969

చిరంజీవి తీతుకి, ఆయుష్షుతోపాటు కాస్త బుద్ధి కూడా పెరగాలని దీవించి మావయ్య రాయునది.

నీ ఉత్తరం మీ అత్తకి చదివి వినిపించాను. ఎక్కడ నవ్వాలో తెలియక మధ్యలో లేచి వెళ్లి పప్పుకి పోపు పెట్టుకుంది.

ముప్ఫై ఏళ్లు కంట్రోల్ గదిలో కూర్చున్నాను. చెవులకి హెడ్‌ఫోను, ముందు గ్రాఫు కాగితం, చేతిలో పెన్సిలు. బాలీచక్ స్టేషన్ మాస్టరు "ఫలానా బండి పోయింది" అంటే ఒక చుక్క, పాఁశ్‌కుడా వాడు అంటే ఇంకో చుక్క. రెండూ కలిపితే గీత. కొన్ని వేల బళ్లు నడిపాను, ఒక్కదాని మొహమూ చూడలేదు. డ్రైవరుకి జ్వరమా, బొగ్గు తడిసిందా, గార్డుకి ఇంట్లో గొడవా, ఇవన్నీ నాకెందుకు? అవన్నీ కలిసే గీతలో పడతాయి. గీత నెమ్మదించిందంటే బండి నెమ్మదించినట్టు. అంతకు మించి తెలుసుకోవాలనుకునేవాడు ప్లాట్‌ఫాం మీద టీ తాగుతాడు, బండిని నడపడు. నీ పద్దులు అలాంటి టీ కబుర్లే.

ఇంకో సంగతి. ఏ టైంటేబులైనా తీసి చూడు. చివరి రెండు స్టేషన్ల మధ్య, పది నిమిషాల దూరానికి అరగంట రాసి ఉంటుంది. అది మేకప్. దారిలో ఎంత లేటయినా ఆఖర్న కలుపుకుంటుంది. సంత్రాగాఛీ దాకా ఏడిపించిన బండి హౌరాలో రైట్ టైముకి నిలబడుతుంది. రూప్‌నారాయణ్ వ్యాగన్ కూడా సెటిల్‌మెంట్ ముందు రెండు రోజులూ లేస్తోంది. మూడు నెలల గీత చూశాను, ప్రతిసారీ అంతే. ఈ మేకప్ సంగతి మీ బి.కాం.లో చెప్పరు.

కొంత డబ్బు దత్తబాబు పేర పంపుతున్నాను. కొనిపించు. వ్యాఖ్యానం వద్దు.

మావయ్య


కలకత్తా,
30 జనవరి 1969

గీతాచార్యులకు సాష్టాంగం.

కొనిపించాను. వ్యాఖ్యానం చెయ్యలేదు. మూడు రోజులు నోరు నొక్కుకుని దవడలు వాచాయి.

షేరు లేచింది. సెటిల్‌మెంటుకి సరిగ్గా రెండు రోజుల ముందే లేచింది. ఎందుకు లేచిందో దత్తబాబుకి తెలియదు, కంపెనీ డైరెక్టర్లకి అంతకన్నా తెలియదు. తేడా సొమ్ము మీ పేర జమ అయింది.

ఇంక ఆలస్యం దేనికి మావయ్యా? స్థలం డబ్బు ఇంట్లో ఉంచి బూజు పట్టించడం మహాపాపం. అదీ పంపించెయ్యండి. ఒక్క జ్ఞానప్రకాశం గారి స్థలం ఏం సరిపోతుంది మనకి? ఝపటాపూర్ మొత్తం కొందాం. చుట్టూ గోడ కట్టి, గేటు దగ్గర సిగ్నలు పెట్టి, హైమత్త కూరగాయలకి వెళ్లాలంటే లైన్ క్లియర్ అడిగేలా ఏర్పాటు చేద్దాం. బి.కాం. పట్టా మీకు పంపిస్తాను, వెనక ఖాళీగానే ఉంది, గీతలు గీసుకోవచ్చు.

ఓడినా నోరు మూయని
తీతు


ఓల్డ్ సెటిల్‌మెంట్,
4 ఫిబ్రవరి 1969

చిరంజీవి తీతుకి,

నీకు ఇన్నాళ్లకి బుద్ధొచ్చినందుకు సంతోషం. నువ్వు రాసినట్టే స్థలం డబ్బు మొత్తం డ్రాఫ్టు తీసి దత్తబాబు పేర నేరుగా పంపాను. ఆ డబ్బంతా పెట్టి రూప్‌నారాయణ్ వ్యాగన్ కొనమని ఇంగ్లీషులో ఉత్తరం కూడా జత చేశాను.

మీ అత్త ముందు ఒప్పుకోలేదు. "ఏటండీ, బండి ఆగిపోతే దిగి నడిసైనా ఎల్లొచ్చు. ఈ డబ్బు ఆగిపోతే మనం ఎక్కడ దిగాల?" అంది. నీ ఉత్తరం చూపించాను. సంతకం చూసి, "బి.కాం. సదివినోడు రాసినాడు గదా, ఠీక్ హై" అంది. రైల్వేలో రాసి సంతకం పెట్టిన కాగితం చేతికొస్తే బండి కదలాల్సిందే. నీ ఉత్తరం జాగ్రత్తగా దాచాను.

ఝపటాపూర్ మొత్తం అక్కర్లేదు. అంత ఆశ పనికిరాదు.

మావయ్య


కలకత్తా,
8 ఫిబ్రవరి 1969

మావయ్యా! అది వెటకారం!

సిగ్నలు, గోడ, లైన్ క్లియరు అని అంత పొడుగున రాస్తే నమ్మేశారా? మీ ఉత్తరం అందుకుని ఆఫీసుకి పరిగెత్తాను. డ్రాఫ్టు నాకన్నా ముందే చేరింది. దత్తబాబు అప్పటికే కొనేసి, పాన్ నములుతూ, "మీ మామ పెద్ద ధైర్యవంతుడు" అన్నాడు. ఆయన ఎవర్నైనా ధైర్యవంతుడంటే నేను ముందు వాళ్ల ఖాతా తెరిచి ఎంత మిగిలిందో చూస్తాను.

ఇవాళ సెలవు పెట్టి ఆ కంపెనీ చూసొచ్చాను. పద్దువాదికి పద్దు చాలదు, గేటు కూడా చూడాలి. లోపల సైడింగు మీద మోకాలెత్తు గడ్డి. సగం కట్టిన వ్యాగన్లు నాలుగు వరసగా ఉన్నాయి. ఒకదాంట్లో మేక ఈనింది. గేటు కాపలా వాణ్ని, "కంపెనీ ఎలా నడుస్తోంది భాయ్?" అని అడిగాను. "మేక ఒక్కటే ఉత్పత్తి చేస్తోంది బాబూ" అన్నాడు.

షేరు ఇప్పటికే కిందికి జారుతోంది. కాస్త పోతే పోయింది, అమ్మమని ఒక్క ముక్క రాయండి. ఈ ఉత్తరంలో వెటకారం లేదు. ఉన్నచోట ఇకపై గుర్తు పెడతాను.

తీతు


ఓల్డ్ సెటిల్‌మెంట్,
15 ఫిబ్రవరి 1969

తీతుకి,

పెద్దవాళ్లకి వ్యాపారం గురించి రాసేటప్పుడు వెటకారం చేసేవాణ్ని రైల్వేలో అయితే సస్పెండ్ చేస్తారు.

మేక సంగతి నాకెందుకు రాశావు? ఇంజను మీద కాకి వాలిందని బండి రద్దు చేస్తామా? గీత ఇప్పుడు సంత్రాగాఛీ దగ్గర ఉంది, అంతే. సిగ్నలు ఇవ్వక నిలబడింది. సెటిల్‌మెంట్ ముందు మేకప్ చేసుకుంటుంది. ఒకవేళ ఈసారి చేసుకోకపోతే వడ్డీ లాంటిదేదో కట్టి వచ్చే సెటిల్‌మెంటుకి వాయిదా వేసుకోవచ్చని నువ్వే ఒకప్పుడు చెప్పావు. బద్లా అంటారట. కట్టించు. మధ్య స్టేషన్లో దిగిపోయేవాడికి హౌరా కనిపించదు.

క్వార్టర్ ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చింది. మా తరవాత రాబోయే బెంగాలీ ఆయన భార్యతో వచ్చి గదులు చూసుకున్నాడు. ఆవిడ మా వంటింట్లో నిలబడి, తన సామాను ఎక్కడ సర్దాలో మీ అత్తనే అడిగింది. "ఇక్కడ డబ్బాలెట్టుకో దీదీ, ఆ మూల సెమ్మ" అని మీ అత్త చూపించింది. ఆవిడ వెళ్లాక ఆ డబ్బాల అరని మళ్లీ ఒకసారి తుడిచింది.

అమ్మకు.

మావయ్య


కలకత్తా,
2 మార్చి 1969

మావయ్యా,

బద్లా కట్టాం. మేకప్ రాలేదు. మళ్లీ కట్టాం. మళ్లీ రాలేదు. హౌరా బండికి హౌరా ఎక్కడుందో తెలుసు మావయ్యా, దానికోసమే బయల్దేరింది. ఈ షేరుకి మీ సెటిల్‌మెంట్ రోజు ఏదో తెలియదు, ఖరగ్‌పూర్‌లో మీరున్నారనీ తెలియదు. మూడు నెలలు వరసగా లేచిందంటే మూడు నెలలు లేచిందనే అర్థం. మీరు దానికి టైంటేబులు అచ్చువేశారు. (ఇది వెటకారమే. గుర్తు పెట్టాను.)

స్థలం డబ్బులో మూడో వంతు పోయింది. ఇప్పటికైనా నా మాట వినండి. రూప్‌నారాయణ్ వ్యాగన్ అమ్మేసి, మిగిలింది ఉగాది లోపు ఒక్క సెటిల్‌మెంటుకి మలయా ఫ్యాన్ కంపెనీలో పెడదాం. దాని లెక్కలన్నీ ఆదివారం కూర్చుని చదివాను. అప్పు ఒక్క కానీ కూడా లేదు. గోడౌన్ ఖాళీ, తయారైన ఫ్యాను తయారైనట్టు అమ్ముడుపోతోంది. వచ్చేది ఎండాకాలం. ఎండాకాలం రాదని వాదించే గీతవాది ఎవరైనా ఉంటే నా ముందుకి రమ్మనండి. ఇది జూదం కాదు మావయ్యా, శాస్త్రం. పోయినదంతా తిరిగొచ్చి, జ్ఞానప్రకాశం గారి చేతిలో డబ్బు పడుతుంది. నా పూచీ.

శాస్త్రబద్ధుడు
తీతు


ఓల్డ్ సెటిల్‌మెంట్,
6 మార్చి 1969 (కార్డు)

తీతుకి,

అమ్మి ఫ్యాన్లు కొను. మీ అత్త చెప్పింది కాబట్టి రాస్తున్నాను, నాకు నమ్మకం కుదిరి కాదు. "మీ గీతలకంటే ఆడి సదువు నయం" అంటోంది. మలయా ఫ్యాన్ గీత కూడా గీశాను. బండి ముందుకి పోతోంది కానీ ఎందుకో ఊగుతోంది. నీ శాస్త్రంలో ఊగడానికి లెక్క ఉందా?

మావయ్య


కలకత్తా,
17 మార్చి 1969

మావయ్యా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపాను.

మలయా ఫ్యాన్ లెక్కల్లో ఒక్క తప్పూ లేదు. ఇప్పటికీ లేదు. అప్పు లేదు, గోడౌన్ ఖాళీ, ఎండాకాలం వస్తోంది. మొన్న మంగళవారం బోనస్ దగ్గర తగాదా వచ్చి కార్మికులు మేనేజరుని ఘెరావ్ చేశారు. గదిలో కూర్చోబెట్టి చుట్టూ నిలబడ్డారు. కరెంటు తీసేశారు. దేశానికంతా గాలి విసిరే కంపెనీలో మేనేజరు ఫైలుతో విసురుకుంటూ కూర్చున్నాడట. ఆ మర్నాడు ఫ్యాక్టరీకి తాళం వేశారు. ఆ మర్నాడు షేరు పడింది. మేడ మీంచి పడ్డట్టు పడింది.

నేను దత్తబాబుని పట్టుకుని, "కంపెనీ మంచిదే కదా, ఏడాదిలో తప్పకుండా లేస్తుంది కదా!" అన్నాను. "లేస్తుంది" అన్నాడాయన, "నీ సెటిల్‌మెంట్ శుక్రవారం."

ఇంకో మాట దాచి లాభం లేదు. మనం వదిలించుకున్న రూప్‌నారాయణ్ వ్యాగన్, ఏదో విదేశం వ్యాగన్లు కొంటోందన్న పుకారు మీద మొన్న శుక్రవారమంతా లేచింది. మనం దిగాక మేకప్ చేసుకుంది. ఇవాళ పుకారు అబద్ధమని తేలి మళ్లీ పడింది. మేక మాత్రం క్షేమం.

ఫ్యాన్లు కూడా అమ్మించేశాను. బద్లా కట్టి ఇంకా లాగే ధైర్యం నాకు లేదు. మిగిలింది స్థలానికి సగం. డ్రాఫ్టు దీంతోనే పంపుతున్నాను. పూచీ నాదన్నాను. పూచీకి ఏమిచ్చుకోవాలో చెప్పండి. అత్తకి ఈ ఉత్తరం చదివి వినిపించకండి.

తీతు


ఓల్డ్ సెటిల్‌మెంట్,
26 మార్చి 1969

తీతుకి,

చదివి వినిపించాను. ఆవిడ ఇల్లు, ఆవిడ వినాలి.

మొత్తానికి నీ శాస్త్రం, నా అనుభవం కలిసి చేసిన ఘనకార్యం ఇది. నేను బండి ఎందుకు నడుస్తోందో చూడలేదు. నువ్వు ఎప్పుడు నడుస్తుందో చూడలేదు. కంట్రోల్ గదిలో మనిద్దర్నీ కలిపి ఒక షిఫ్టులో వేస్తే హౌరా నించి పూరీ దాకా ఒక్క బండీ మిగలదు.

ఉగాది నాడు పచ్చడి చేసి, మీ అత్త నాకు చెప్పకుండా చీర మార్చుకుని ఝపటాపూర్ బయల్దేరింది. వెనకాలే నేనూ. జ్ఞానప్రకాశం వరండాలో కూర్చుని ఉన్నాడు. "మొత్తం కొనలేం. సగం ఇయ్యండి" అంది.

"సగం స్థలం ఎవులమ్ముతారమ్మా? సీర ముక్కేటి సింపి ఇయ్యడానికి?" అన్నాడాయన.

"మీ జాగాలోనే కావాల. ఈ పెద్దమనిసి ముప్ఫై ఏళ్లు మీ బళ్లన్నీ పక్క పట్టాల మీద లూప్‌లో ఎట్టి నిలబెట్టినాడు గదా, మా ఇల్లూ లూప్‌లోనే ఎట్టుకుంటాం. ఎనకవేపు ఇయ్యండి, సాలు."

జ్ఞానప్రకాశం నా వంక చూశాడు. ఆయన బండిని నేను ఎన్నిసార్లు లూప్‌లో పడుకోబెట్టానో ఇద్దరికీ తెలుసు. చాలాసేపు నవ్వాడు. స్థలంలో ముందువైపు సగం గోల్‌బజార్ కిరాణా పాండురంగయ్య బియ్యం గోడౌన్‌కి కొన్నాడు. వెనక సగం మాది. గోడౌన్ గోడ పక్కనించి మనిషి పట్టేంత దారి ఉంది, మంచం అడ్డంగా పట్టదు. ఈ నెలాఖరులోగా రేకుల గది ఒకటి లేపుకుని మారిపోతాం. నేను పాండురంగయ్య కొట్లో లెక్కలు రాయడానికి ఒప్పుకున్నాను.

పూచీకి ఏమివ్వాలని అడిగావు. మీ అత్త ఏమీ అడగలేదు. అడగనందుకు నువ్వు భయపడాలి.

మావయ్య


కలకత్తా,
4 జులై 1969

మావయ్యకి, అత్తకి,

మూడు నెలలుగా రాయడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడు చెల్లిందని కాదు.

కిందటి నెలాఖరున ప్రభుత్వం వాయిదా వ్యాపారాన్ని నిషేధించింది. ఇక మీద షేరు కొనాలంటే మొత్తం డబ్బు కట్టి పుచ్చుకోవడమే. సెటిల్‌మెంట్ మీద పందేలు లేవు. గీతవాదులూ పద్దువాదులూ షేర్ మార్కెట్ ఉన్న లయన్స్ రేంజ్ వీధిలో భుజం భుజం రాసుకుని నిలబడి, ఇంకొకరి మీద పందెం కాసే దారి లేక ఒకరి బీడీ ఒకరు కాలుస్తున్నారు. మూడో మతం వాడైన దత్తబాబు సగం గుమాస్తాలకి సెలవు చెప్పాడు. సగంలో నేనున్నాను. "నువ్వు తెలివైనవాడివి, ఎక్కడైనా బతుకుతావు" అన్నాడు. మిమ్మల్ని ధైర్యవంతుడన్నదీ ఈయనే.

మెస్సుకి ఈ నెల కట్టాను. పై నెల ఎక్కడుంటానో తెలియదు. మీ క్వార్టర్లో వరండాలో పడుకుని బి.కాం. చదివాను. మీకు ఇప్పుడు వరండా లేదనీ, అది నా చలవేననీ తెలిసే అడుగుతున్నాను. ఉద్యోగం దొరికేదాకా రానా? ఇందులో ఎక్కడా వెటకారం లేదు, గుర్తు పెట్టడానికి.

తీతు


ఝపటాపూర్, ఖరగ్‌పూర్,
10 జులై 1969

చిరంజీవి తీతుకి,

స్టేషన్లో దిగి రిక్షా మాట్లాడకు. నడిచి రా. పాండురంగయ్య గోడౌన్ ఎక్కడని అడుగు, ఎవరైనా చెబుతారు. మా ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరికీ తెలియదు. గోడ పక్కనించి పక్కవాటుగా నడిస్తే వస్తుంది. పెట్టె ముందు పట్టుకో, లేకపోతే ఇరుక్కుంటావు.

ఒకటే గది. వానకి రేకుల మీద మోత, ఒకరి మాట ఒకరికి వినపడదు. అందువల్ల ఈ వారం ఇంట్లో శాంతిగానే ఉంది. వెనక కాస్త జాగా ఉంది, దానికి వరండా దింపాలని మీ అత్త పట్టు పట్టింది. నాకు నడుం సహకరించడం లేదు, మేస్త్రీకి ఇటుకలు అందించే మనిషి కావాలి. పాండురంగయ్య దగ్గర రెండో గుమాస్తా పని ఉంది. జీతం చెప్పను, నువ్వు కలకత్తాలోనే ఏడుస్తావు.

నీ ఉత్తరం మీ అత్తకి రెండుసార్లు చదివాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ వింది. "ఏటి రాయమంటావు?" అన్నాను.

"రమ్మనండి. ఆడికి సోటు నేకపోతే ఎలాగ? ఆడి నోటికి మాత్రం ఈ ఇంట్లో సోటు నేదని రాయండి."

రాశాను. నేను కూడా ఇక్కడ ఆ షరతు మీదే ఉంటున్నాను.

మావయ్య